మంటంటని నూనె

ట్రాక్టరంటే వనజాక్షి కళ్లముందు ముందుగా మెదిలేది అది బోల్తా పడటం. ఆ తరవాత మంటలు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో, దాని కింద వెల్లకిలా పడుకుని బోల్టులు విప్పుతున్న తన కూతురు. అందుకే ఆ మధ్యాహ్నం రోహిణి చరోదాలోని ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి, చెప్పులైనా విడవకుండా, "అమ్మా, సాహూజీ ఒప్పుకున్నారు. ఎర్ర ట్రాక్టరు నాకే ఇచ్చారు" అన్నప్పుడు వనజాక్షి చేతిలో చపాతీ ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఇచ్చీడమేటే? ఇప్పుడది మనింటికి తెచ్చీస్తావేటి?"

"ఇంటికెందుకు మమ్మీ, షెడ్డుకి. బాగుచెయ్యడానికి."

సాహూజీ దుర్గ్ పట్నం అవతలి పల్లెలో రైతు. ఆయన తండ్రి కొన్న ట్రాక్టరు అది. వనజాక్షి పెళ్లికంటే పాతది. ఇంజను ఇప్పటికీ తిరుగుతుంది గాని, వెనక నాగలిని పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్టు ఎప్పుడో చచ్చిపోయింది. గేర్లు వేస్తే డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టు మోత. చేతులెత్తేసిన మెకానిక్కులందరి తరవాత అది హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో రోహిణి అద్దెకు తీసుకున్న సగం షెడ్డులోకి వచ్చింది. నెలాఖరున ఆ పల్లె మైదానంలో పాత ట్రాక్టర్ల మేళా పెడుతున్నారు. చుట్టుపక్కల పాత బళ్లున్న రైతులంతా వస్తారు. బండి తన చక్రాల మీద తనే నడిచి రావాలి, తన లిఫ్టుతో తనే నాగలి లేపాలి.

రోహిణికి ఈ మేళా ఎంత ముఖ్యమో వనజాక్షికి తెలుసు. ఎందుకంటే దాని మీద ఒక షరతు ఉంది, అది పుట్టింది తన పోరువల్లే. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివిన పిల్ల, ట్రాక్టరు కంపెనీ ఏజెన్సీలో చక్కటి సర్వీసు ఉద్యోగం మానేసి, పాత ట్రాక్టర్లు మాత్రమే బాగుచేస్తానని షెడ్డు తీసుకుంటే ఏ తల్లికి నిద్ర పడుతుంది? రైల్వే పరీక్షకి కోచింగ్‌లో చేరమని పోరి పోరి వనజాక్షి గొంతు ఎండిపోయింది. చివరికి రోహిణే దిగివచ్చింది. "సరే. సాహూజీ ట్రాక్టరు మేళాలో నాగలి లేపకపోతే షెడ్డు ఖాళీ చేసీసి కోచింగ్‌లో చేరిపోతాను. నీ మీద ఒట్టు" అని తల్లి నెత్తిన చెయ్యి పెట్టబోయింది.

వనజాక్షి చటుక్కున తల పక్కకి తీసేసింది. "ఒట్టు నా మీదెందుకే, మధ్యలో నాకేటైనా అయితే? మీ నాన్న మీద పెట్టు."

"నేనేటి చేసీనే?" అన్నాడు గోవిందరావు పేపరు వెనకనించి. ఆయన ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు క్రేను నడిపి రిటైరైన మనిషి. ఎత్తున క్యాబిన్‌లో కూచుని కిందివాళ్ల గొడవలు వినడం బాగా అలవాటు.

ఆ రోజునించీ ఇంట్లో నూనెల మాట తప్ప ఇంకో మాట లేదు. కిటికీ గట్టు మీద చిన్న చిన్న గాజుసీసాల్లో రకరకాల నూనెలు వెలిశాయి. అన్నం తింటూనే రోహిణి వాటిని వెలుతురుకి ఎత్తి పట్టి ఊపేది. బుడగలు ఎంతసేపటికి అణుగుతాయో చూసేది. వాసన చూడమని తండ్రి ముక్కు దగ్గర పెట్టేది. ఆ పిల్ల కళ్లల్లో వెలుగు చూస్తే వనజాక్షికి ఒక పక్క ముచ్చట, ఇంకో పక్క సాంబారులో నూనె పడుతుందేమోనని భయం.

"ఇందులో చిక్కేటంటే నాన్నా," అని రోహిణి మొదలుపెట్టేది, "ఈ పాత బండిలో గేరుబాక్సుకీ, వెనక ఇరుసుకీ, లిఫ్టుకీ టాంకు ఒక్కటే. అదే నూనె గేరు పళ్లని కాపాడాలి, అదే నూనె పంపులోంచెళ్లి నాగలి లేపాలి. ఇది చూడు, తొంభై నంబరు గేరాయిలు. ఆముదంలా చిక్కన. పళ్లకి మంచిదే గాని చలికాలం పొద్దున్న పంపు దీన్ని లాగలేదు. ఇదేమో ఉత్త హైడ్రాలిక్కు ఆయిలు. పంపుకి పండగే, పళ్లు అరిగిపోతాయి. ఇంక ఇది లారీలకి పోసే కొత్త గేరాయిలు, బహుత్ తగడా, మా గట్టిది. కానీ దీన్లో గంధకం మందు ఉంటాది. మన బండిలో ఇత్తడి బుష్షులు, అదే, ఇరుసు తిరిగే కడియాలు ఉన్నాయి. వాటిని మెల్లిమెల్లిగా తినేస్తాది. అవి బజార్లో ఇప్పుడు దొరకవు కూడా."

"అంటే నా వంటలాగే" అంది వనజాక్షి. "మీ నాన్నకి సుగరు. నాకు గ్యాసు. నీకు కారం లేందే ముద్ద దిగదు. గిన్నె ఒకటే."

"అదే మమ్మీ, కరెక్ట్" అని రోహిణి పకపకా నవ్వి చివరి సీసా తీసింది. లేత తేనెరంగు నూనె. "ఇది ట్రాక్టర్లకే చేసింది. గేరుకీ లిఫ్టుకీ కలిపి ఒకటే. నేను ఇదే పోస్తాను."

అక్కడితో అయిపోయేదే. కానీ మేళాకి వారం ఉందనగా వనజాక్షి అన్నం కారియరు తీసుకుని షెడ్డుకి వెళ్లింది.

వెళ్లేసరికి రోహిణి టాంకులోని పాత నూనెంతా పెద్ద బేసిన్లోకి దించుతోంది. పాలెక్కువైన టీ రంగులో, చిక్కగా, మబ్బుగా ఉందది. "నీళ్లు కలిసిపోయాయి, చూసీవా?" అని రోహిణి చూపించింది. గేరు రాడ్డు దగ్గర రబ్బరు చిరిగిపోయి ఏళ్ల తరబడి వానలో తడిసిందట. మూత తీసి లోపల ఇరుసు మీద పట్టిన తుప్పు కూడా చూపించింది. "నీళ్లే దీనికి శత్రువు మమ్మీ. అరిగింది అరగ్గా మిగిలిందంతా తుప్పే." తుప్పు వరకు వనజాక్షి ధైర్యంగానే చూసింది. ఆ తరవాత రోహిణి పంపు పనిచేస్తుందో లేదో చూద్దామని కాస్త చవక నూనె పోసి ఇంజను స్టార్టు చేసింది. కాసేపటికి ఏదో ఫట్‌మంది. పాత పైపు పగిలి నూనె తుంపర్లుగా ఎగిరి వేడి సైలెన్సరు మీద పడింది. తెల్లటి పొగ షెడ్డంతా కమ్మేసింది.

రోహిణి ఇంజను ఆపేసింది. ఏమీ కాలేదు. పొగ పోయాక ముఖం తుడుచుకుంటూ, "పైపు మార్చాలి" అంది, ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా.

ఏమీ కాలేదు గాని వనజాక్షికి అన్నీ అయిపోయాయి. ఇంటికి వచ్చేలోపు ఆ పొగ మంటయింది, మంట షెడ్డుని మింగింది, కూతుర్ని సెక్టార్ నైన్ ఆసుపత్రికి తీసుకువెళ్లడం, పేపర్లో పడటం కూడా అయిపోయాయి. వాకిట్లోనే కూలబడి మొగుడితో చెప్పింది. "కాలిపోయే నూనె పోసి మంట పక్కన కూకోడమేటండీ. కాలని నూనె ఉండదా లోకంలో?"

గోవిందరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన ముఖం చాలాకాలం తరవాత అలా వెలిగింది.

"ఎందుకుండదు? మా మిల్లులో ఉండీది. కొలిమి పక్క హైడ్రాలిక్ మిషన్లకి అదే పోసీవోరు. ఒకసారి నా కళ్లముందే పైపు బద్దలై ఎర్రగా కాలిన ఇనప దిమ్మ మీద పడింది. భగ్గుమంటాదనుకుని నేను క్యాబిన్లో దండం పెట్టీసుకున్నాను. మంటే లేదు. పొగ. అంతే."

"నిజంగా?"

"నీకు అబద్ధం చెప్తే నాకేటొస్తాది?"

ఇక ఆగలేదాయన. స్కూటరు తీసి అప్పుడే బయల్దేరాడు. హథ్‌ఖోజ్‌లోనే మిషను భాగాలు చేసే చిన్న యూనిట్లో ఆయన పాత స్నేహితుడు సురేశ్ పనిచేస్తాడు. అక్కడ ఇనుము నొక్కే ప్రెస్సుకి అలాంటి నూనే వాడతారు. అడగ్గా అడగ్గా మిగులు డబ్బాలు ఇప్పించాడు. లేత గులాబి రంగు. గోవిందరావు డబ్బాలని స్కూటరు మీద కట్టుకుని, పెళ్లికొడుకుని తెచ్చినంత సంబరంగా ఇంటికి తెచ్చాడు.

రోహిణి రెండు వేళ్ల మధ్య ఆ నూనె రాసి చూసింది. నుదురు ముడిపడింది. "జారుడుగానే ఉంది. కానీ నాన్నా, గేర్లకి పనికొస్తాదా ఇది?"

"రోలింగ్ మిల్లునే నడిపిందే. నీ ట్రాక్టరెంత?"

"నేను అనుకున్న ఆయిల్ ఎలాగూ ఉంది గదా..."

"ఆ ఆయిలు మంటంటుకోదని రాసిస్తావేటే నాకు?" వనజాక్షి అందుకుంది. "ఇది పొయ్యి. ఇది పోస్తే నేను మేళాకొస్తాను, నీ ట్రాక్టరెక్కి ఫొటో కూడా దిగుతాను. లేదంటే ఆ రోజంతా ఇంట్లో కూచుని ఏడుస్తాను, నీ ఇష్టం."

రోహిణి తల్లినీ చూసింది, తండ్రినీ చూసింది. తండ్రి డబ్బాని తువ్వాలుతో తుడుస్తున్నాడు. ముప్పయ్యేళ్లకి పైగా మిల్లులో తిరిగిన మనిషి తెచ్చిన హైడ్రాలిక్కు నూనె. కాదనడానికి ఆ పిల్లకి కారణం దొరకలేదు. తనకీ కొంచెం ఉత్సాహం వచ్చింది కూడా. మంటంటని నూనెతో నడిచే పాత ట్రాక్టరంటే మేళాలో చెప్పుకోవడానికి బాగుంటుంది. "చలో, ఇదే పోద్దాం" అంది.

మేళాకి ముందురోజు పొద్దున్నే తండ్రీకూతుళ్లు డబ్బాలతో షెడ్డుకి వెళ్లిపోయారు. సాహూజీ కూడా అక్కడికే వస్తానన్నాడు. వనజాక్షి గుమ్మంలో నిలబడి చెయ్యూపింది. మనసు తేలికపడాలి కదా. పడలేదు. సురేశ్ ఇచ్చిందే అసలైనదని నమ్మకమేముంది? పాలల్లో కల్తీ, పప్పులో కల్తీ, నూనెలో మాత్రం ఉండదా? ఆ నూనె నిజంగా మంటంటదో లేదో ఎవరైనా చూశారా?

డబ్బాలోంచి ఆమె ముందే ఒక కటోరీలోకి, చిన్న గిన్నెలోకి, కాస్త తీసి దాచుకుంది. ఇప్పుడు పెరట్లో చిన్న గ్యాసు పొయ్యి పెట్టింది. వాడకం మానేసిన అట్లపెనం దాని మీద పెట్టింది. పక్కన బకెట్టు నీళ్లు, తడి గోనెసంచి. తన చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. పక్కింటి తులసమ్మ గోడమీంచి, "ఏటి వదినా, పెరట్లో వొంట? సుట్టాలేటి?" అనడిగితే, "కాదొదినా, నువ్వు కాసింత దూరంగా ఉండు" అంది.

పెనం బాగా కాలాక చెంచా చివరనించి ఒక్క చుక్క వదిలింది.

చిటపటమంది.

వనజాక్షి రెండడుగులు వెనక్కి గెంతింది. మంట లేదు. చుక్క పెనమంతా గంతులేసి, ఆవిరి చిమ్మి, జిగురు మరక ఒకటి వదిలి పోయింది. ఆమె దగ్గరికొచ్చి ఇంకో చుక్క వేసింది. మళ్లీ అదే చిటపట. ఈ చప్పుడు ఆమెకి తెలుసు. బూరెల మూకుడులో తడి చెయ్యి విదిలిస్తే వచ్చే చప్పుడు. ఏ ఆడమనిషినైనా కళ్లు మూసి అడగండి, చెప్పేస్తుంది.

గబగబా లోపలికి వెళ్లి కిటికీ గట్టు మీది తేనెరంగు సీసా తెచ్చింది. పెనం తుడిచి, ఆ నూనె చుక్క వేసింది. అది చప్పుడు చెయ్యకుండా పల్చగా పరుచుకుంది. కొంచెం పొగ లేచింది. అంతే.

కటోరీ చేతిలో పట్టుకుని వనజాక్షి అలాగే నిలబడింది. మంటెందుకు అంటుకోదో ఇప్పుడు తెలిసింది. అందులో నీళ్లున్నాయి. కలిసిపోయి కంటికి కనబడకుండా ఉన్న నీళ్లు. తాను పట్టుబట్టి, ఏడుస్తానని బెదిరించి, ఆ ట్రాక్టరు కడుపులో పోయించినది నీళ్లు. దీనికి శత్రువని కూతురు చూపించి చెప్పిన నీళ్లు.

ఫోను చేసింది. రోహిణి ఎత్తలేదు. షెడ్డులో మోత ఉంటే ఆ పిల్లకి ఏమీ వినబడదు. మొగుడికి చేస్తే ఆయన ఫోను వంటింటి గట్టు మీద చార్జింగులోనే మోగింది.

అప్పుడొచ్చింది ఆ ఆలోచన. పిలవకుండా, తలుపు తోసుకుని వచ్చింది. ఊరుకుంటే? రేపు లిఫ్టు లేవదు. గేర్లు పట్టేస్తాయి. తప్పు ఎవరిదీ కాదు. షెడ్డు ఖాళీ. రోహిణి శుభ్రమైన సల్వారు వేసుకుని కోచింగుకి వెళ్తుంది, ఫ్యాను కింద కూచుంటుంది, వేళకి ఇంటికొస్తుంది. ఇన్నాళ్లూ కోరుకున్నది అదే కదా.

సీసాని వెలుతురుకి ఎత్తి పట్టి బుడగలు లెక్కపెట్టే ఆ ముఖం గుర్తొచ్చింది. ఫ్యాను కింద కూచున్న రోహిణికి ఆ ముఖం పెట్టి చూద్దామని వనజాక్షి ప్రయత్నించింది. అతకలేదు.

పొయ్యి ఆపేసింది. ఆపిందో లేదో అని మళ్లీ వెనక్కి వచ్చి చూసింది. పెనాన్ని గోనెసంచిలో చుట్టి చంకన పెట్టుకుని, తేనెరంగు సీసా కొంగున కట్టుకుని, రోడ్డు మీదికి పరుగెత్తింది.

"హథ్‌ఖోజ్, భయ్యా. బేగి పోనీ. జల్దీ."

"క్యా హువా మాతాజీ, హాస్పిటల్ హై క్యా?" ఆటో అతను బండి ముందుకి దూకించాడు.

"నై, ట్రాక్టర్ హై. ఉస్కే పేట్ మే పానీ డాల్ దియా."

ట్రాక్టరు కడుపులో నీళ్లు పోశారన్న మాటకి అతను అద్దంలో ఆమెనీ, చంకలోని సంచినీ చూసి వేగం పెంచాడు. రైల్వే యార్డు పక్కగా ఆటో ఎగిరెగిరి పడుతుంటే వనజాక్షి ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో పెనం పట్టుకుంది. ఆటో బోల్తా పడుతుందేమోనన్న సంగతి ఆమెకి దారంతా గుర్తే రాలేదు.

షెడ్డు ముందు ఎర్ర ట్రాక్టరు కొత్త రంగుతో మెరిసిపోతోంది. ఖాళీ డబ్బాలు వరసగా బోర్లించి ఉన్నాయి. అంటే పోసేశారు. సాహూజీ తెల్ల ధోవతి, తలకి గంచా తువ్వాలు చుట్టుకుని సీటు మీద కూచున్నాడు. ఆయన చెయ్యి తాళంచెవి మీద ఉంది. గోవిందరావు పక్కన నిలబడి, "చలాయియే సాహూజీ" అంటున్నాడు.

"ఆపండి. రోకో, రోకో." వనజాక్షి ఆటోలోంచి సగం దిగుతూనే అరిచింది. "దాన్ని తిప్పకండి. అందులో నీళ్లున్నాయి."

సాహూజీ చెయ్యి వెనక్కి తీసేశాడు. రోహిణి బండి వెనకనించి పరుగెత్తుకొచ్చింది. "ఏటయిందమ్మా? ఎవరికేటయింది?"

"ఎవులికీ ఏటీ అవలేదే. ఇది చూడు ముందు."

షెడ్డులో టీ కాచుకునే పొయ్యి మీద పెనం పెట్టింది. ఖాళీ డబ్బాలో మిగిలిన నూనె చుక్క వేసింది. చిటపట. తన కొంగు ముడి విప్పి తేనెరంగు నూనె వేసింది. నిశ్శబ్దం. ఎవరికీ ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. రోహిణి ఒక గాజు గ్లాసులో గులాబి నూనె పోసి, దాని మీద తేనెరంగుది పోసి చెంచాతో గిరగిరా తిప్పింది. తెల్లగా విరిగినట్టయి, కాసేపటికి రెండూ విడివిడిగా రెండు పొరలై నిలబడ్డాయి.

"మిల్లులో గేర్లకి వేరే నూనె, హైడ్రాలిక్కుకి వేరే నూనె నాన్నా" అంది రోహిణి నెమ్మదిగా. "వేరే వేరే టాంకులు. అక్కడ ఇది పంపుకే పోసేవారు, గేర్లకి కాదు. మనకి ఒక్కటే టాంకు. నేను అడగాల్సింది. ఈ మాట నాకు తట్టలేదు."

గోవిందరావు గ్లాసు వైపే చూస్తున్నాడు. "పైన్నుంచి చూసీవోణ్ణి. ఏ పైపు ఏ టాంకులోకెళ్తాదో నాకేటి తెల్దు. మంట లేదన్నదే చూసీను" అన్నాడు.

"మంట మంట అని మిమ్మల్ని తరిమింది నేను" అంది వనజాక్షి. "ఇప్పుడేటి చెయ్యాలే? పాడైపోయిందేటి?"

"ఇంజను తిప్పలేదు కదా. తిప్పకముందు తీసీస్తే ఏటీ అవదు." రోహిణి అప్పటికే కింద పడుకుని డ్రెయిను బోల్టుకి పానా తగిలిస్తోంది. "కానీ చుక్క కూడా లోపల మిగలకూడదు. సాహూజీ, షామ్ తక్ కా టైమ్ దీజియే."

సాహూజీ సీటు దిగి ధోవతి ఎగ్గట్టాడు. "అరే నోని, టైమ్ క్యా, హాథ్ భీ లే లో" అన్నాడు. నోని అంటే వాళ్ల మాటలో అమ్మాయి. సాయంత్రందాకా టైమే కాదు, తన చేతులూ తీసుకోమంటున్నాడు. ఆయన బేసిను తెచ్చి బోల్టు కింద పెట్టాడు.

గులాబి నూనె ధారగా దిగింది. ఆగాక రోహిణి పల్చటి చవక నూనె పోసింది. బండిని ముందుకీ వెనక్కీ చేతులతోనే తోశారు, లోపలి పళ్లు మెల్లగా తిరిగి మూలమూలా కడిగేలా. గోవిందరావు ఒక చక్రం, సాహూజీ ఒక చక్రం, ఆటో అతను కూడా డబ్బు తీసుకుని వెళ్లకుండా ఇంకో చక్రం. మళ్లీ దించారు. దిగిన నూనెలోంచి చుక్క తీసి వనజాక్షి పెనం మీద వేసింది.

చిటపట.

"ఇంకా ఉంది" అంది.

మళ్లీ పోశారు. మళ్లీ తోశారు. మళ్లీ దించారు. వనజాక్షి చెంచా పట్టుకోగానే అందరూ చుట్టూ చేరి చెవులు రిక్కించేవారు. ఈసారి చిట్ అని ఒక్కటే. సాహూజీ, "తోడా సా బోలా" అన్నాడు, పసిబిడ్డ కాస్త పలికితే విన్నట్టు.

"చాల్లేవే, అంత సన్నంగా ఉంటే ఏటి గాని" అన్నాడు గోవిందరావు, నడుం పట్టుకుంటూ.

"చాలదు" అన్నారు తల్లీకూతుళ్లిద్దరూ ఒకేసారి.

పొద్దు వాలుతుండగా వనజాక్షి ఇంకో చుక్క వేసింది. చుక్క పరుచుకుంది. అందరూ పెనం మీదికి వంగారు. పక్క యూనిట్లో గ్రైండరు కూడా అప్పుడే ఆగింది. పెనం మీద ఏ చప్పుడూ లేదు. ఆమె ఇంకో చుక్క వేసింది, ఇంకో చోట. అక్కడా లేదు. సన్నటి పొగ మాత్రం వంకర్లు తిరుగుతూ లేచింది.

"లేదే" అంది వనజాక్షి. నమ్మలేక ఇంకోటి వేసింది. "లేదండీ. ఏటీ అనడం లేదు."

ఆటో అతను ఈల వేశాడు. గోవిందరావు సాహూజీ వీపు మీద చరిచాడు. రోహిణి పరుగున వెళ్లి తేనెరంగు నూనె డబ్బాలు తెచ్చి, గరాటు పెట్టి పోయడం మొదలుపెట్టింది. నూనె జారుతుంటే వనజాక్షి గరాటు అంచు తుడుస్తూ, ఒక్క దుమ్మురేణువైనా పడకుండా కొంగు అడ్డం పెట్టింది. పోస్తూ పోస్తూ రోహిణి ఆగి తల్లి వైపు చూసింది.

"ఇది కాలే నూనే మమ్మీ. తెలుసు గదా?"

"తెలుసే."

"కొత్త పైపు వేశాను. సైలెన్సరు మీద రేకు కూడా బిగిస్తాను, నూనె పడ్డా దాని మీద పడకుండా. అదే అసలు పని. నిన్నటిదాకా నాకూ తట్టలేదు."

వనజాక్షి వెళ్లి కొత్త పైపుని చేత్తో లాగి చూసింది. గట్టిగానే ఉంది. రేకు తెమ్మని, అది బిగిసేదాకా పక్కనే నిలబడి, ఒక్కో బోల్టూ తట్టి చూసి, "ఇప్పుడు తిప్పు" అంది.

ఇంజను దగ్గి, దులుపుకుని, అందుకుంది. గేరు వేస్తే డబ్బాలో రాళ్ల మోత లేదు. మూలుగు లాంటిది ఏదో ఉంది, ముసలాయన కుర్చీలోంచి లేస్తూ తీసేలాంటిది. రోహిణి లిఫ్టు లివరు లాగింది. నాగలి తగిలించిన వెనక లిఫ్టు చేతులు వణికాయి, కొంచెం లేచి, మళ్లీ జారిపోయాయి.

వనజాక్షి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయిపోయింది" అంది.

"అయిపోలేదు. గాలి ఉంది లోపల." రోహిణి పంపు దగ్గర చిన్న మర కొంచెం వదులు చేసింది. నురగ బుసబుసమంటూ వచ్చింది, తరవాత బుడగలు, ఆ తరవాత బుడగ లేని నూనె. మర బిగించింది. మళ్లీ లివరు లాగింది.

నాగలి కదిలింది. కర్రులు నేల విడిచాయి. ఆగలేదు, తడబడలేదు, ఎవరో కింద చెయ్యి పెట్టి ఎత్తుతున్నట్టు నిదానంగా పైకి, ఇంకా పైకి లేచి అక్కడ నిలిచింది. సాహూజీ గంచా తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆయన తండ్రి పోయాక అది అలా లేవడం చూడలేదని తరవాత చెప్పాడు. అప్పుడు మాత్రం వెళ్లి నాగలిని చేత్తో నిమిరాడు.

"దింపకే" అంది వనజాక్షి కూతురితో. "కాసేపు అలాగే ఉంచు. జారిపోతాదేమో చూద్దాం." జారలేదు.

మర్నాడు మేళా మైదానంలో జనం నడుమ ఎర్ర ట్రాక్టరు దుమ్ము రేపుకుంటూ నడిచింది. పాత బళ్లు వరసకట్టి నిలిచాయి, కొన్ని తాళ్లతో లాక్కొచ్చినవి, కొన్ని పొగలు కక్కుతున్నవి. రోహిణి సీటు మీద కూచుని లివరు లాగగానే నాగలి లేచింది, జనంలోంచి ఓహో అన్న అరుపు లేచింది. ఎవరో డోలు మోగించారు. సాహూజీ అందరికీ రోహిణిని చూపిస్తూ, "హమార్ నోని, హమార్ నోని" అంటున్నాడు. వనజాక్షి ట్రాక్టరు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి ఫొటో దిగింది. ఎక్కలేదు. ఇంజను వేడిగా ఉంది, సైలెన్సరు దగ్గర్లోనే ఉంది. అంత అవసరం ఏముంది?

ఫొటో అయ్యేసరికి ఒక పొడుగాటి రైతు రోహిణిని వెతుక్కుంటూ వచ్చాడు. తనకీ ఇలాంటి బండే ఉందట. నీలం రంగుదట. లిఫ్టు లేవదట. దాన్లో ఏ నూనె పోయాలో చెప్తే చాలన్నాడు. రోహిణి నోరు తెరిచేలోపు వనజాక్షి మధ్యలోకి వచ్చేసింది.

"పహలే యే బతావో భయ్యా, ఆప్‌కా ట్రాక్టర్ బారిష్ మే ఖడా రహతా హై?"

రైతు బుర్ర గోక్కున్నాడు. "హా దీదీ, పేడ్ కే నీచే రహతా హై."

"పేడ్ కే నీచే." వనజాక్షి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒలే రోహిణీ, విన్నావేటి? చెట్టు కింద పెట్టీసినాడట. ఇన్ని వానలు. లోపలెంత నీరుందో, ఎంత తుప్పుందో. ఇత్తడి బుష్షులున్నాయో లేదో. పైపులు పగిలిపోయి ఉంటాయి, తప్పదు. మేళా అయ్యేదాకా ఆగీదేటి, బేగి రా, ఆ బండెక్కడుందో అడుగు." ఒక చేత్తో కూతురి చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో జనాన్ని తోసుకుంటూ ఆమె ఆ రైతు వెనకాలే బయల్దేరింది. గోవిందరావు వాళ్ల వెనకనించి, "స్కూటరు తాళం నా దగ్గరే ఉందే" అని కేకేస్తూ పరుగుపెట్టాడు.